తార్కికుణ్ణి ఏ అరలో పెట్టాలి?

(మహాసభల విద్యావేదిక మీద చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు తర్కం గురించి మాట్లాడమని నన్ను పిలవడంలో నిర్వాహకుల తర్కమేమిటో నాకింకా బోధపడలేదు. అయినా ఇచ్చిన సమయంలోనే ముగిస్తానని హామీ ఇస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను పండితుణ్ణీ కాను, ప్రొఫెసర్నీ కాను. ఈ దేశంలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ముప్ఫై రెండేళ్ళు కేటలాగర్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. కొత్త పుస్తకం వస్తే అది దేని గురించో చూసి, నంబరు వేసి, ఏ అరలో ఉండాలో తేల్చడం నా ఉద్యోగం. చూడ్డానికి సులువైన పనే. వంటల పుస్తకం వంటల్లోకి, చరిత్ర చరిత్రలోకి పోతుంది. నన్ను మాత్రం తర్కం పుస్తకాలు జీవితమంతా ఇబ్బంది పెట్టాయి.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు వాడేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ. అందులో 'బి' అంటే తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మతం. ఆ గొడుగు కింద 'బి.సి.' అంటే తర్కం. 'క్యూ.ఎ.' అంటే గణితం, 'క్యూ.ఎ. 9' గణిత తర్కం. బాగానే ఉంది కదా అనుకుంటే, బి.సి. 135 దగ్గర మళ్ళీ సింబాలిక్ లాజిక్, మేథమెటికల్ లాజిక్ అని కనిపిస్తాయి! ఒకే సరుకుకి రెండు కొట్లన్నమాట. ఊరి లైబ్రరీల్లో వాడే డ్యూయీ పద్ధతిలోనూ ఇదే తంతు. తర్కానికి 160, గణిత తర్కానికి 511.3. మన రంగనాథన్ గారు గణితం పాఠాలు చెప్పుకుంటూ 1924లో మద్రాసు యూనివర్సిటీ గ్రంథాలయాధికారి అయిన మనిషి. 1933లో ఆయన వేసిన కోలన్ వర్గీకరణలో గణితానికి 'బి', తత్వశాస్త్రానికి 'ఆర్', తర్కానికి 'ఆర్ 1' ఇచ్చారు. గణితం మాస్టారే తర్కాన్ని తత్వశాస్త్రం ఇంట్లో కూర్చోబెట్టారు!

మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. మా తాతగారు సంస్కృత పాఠశాలలో తర్కం చదువుకున్నారు. అన్నంభట్టు రాసిన 'తర్కసంగ్రహం' ఆయనకు కంఠతా వచ్చు. అన్నంభట్టు ఆంధ్రుడనే మనవాళ్ళ నమ్మకం. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సామెత కూడా ఉంది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తెలుసుకోవడానికి ఏయే మెట్లు ఎక్కాలో తాతగారు అరుగు మీద కూర్చుని నాకు వేళ్ళు మడిచి చెప్పేవారు. తర్కం, వ్యాకరణం రెండూ వస్తే ఏ శాస్త్రమైనా చదవొచ్చనేవారు. తర్కానిది ఏ శాఖ అన్న అనుమానం ఆయనకెప్పుడూ వచ్చినట్టు లేదు.

తర్వాత నేను వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ గణితం చదివాను. అక్కడ బూలియన్ ఆల్జీబ్రా, లాటిస్‌ల మీద గట్టి పని జరిగిన రోజులవి. స్వామి, రావు గార్లు 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' అనే భావనను ప్రవేశపెట్టిన వ్యాసం 1981లో ఒక ఆస్ట్రేలియా పత్రికలో వచ్చింది. మా క్లాసులో బూలియన్ ఆల్జీబ్రా అంటే శుద్ధ గణితం. ఆ జార్జి బూల్ 1854లో రాసిన పుస్తకం పేరు 'ఆలోచనా నియమాలు' అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన మనిషి ఆలోచన గురించి రాశాననుకున్నాడు. మేము ఆల్జీబ్రా అనుకుని పరీక్ష రాశాం. ఇద్దరం కరెక్టే!

1984లో ఈ దేశం వచ్చాను. గణితంలో సీటు, చిన్న అసిస్టెంట్‌షిప్పు. తర్కంలో పరిశోధన చెయ్యాలని నా కోరిక. ఆ మాట గణిత విభాగంలో చెబితే, "ఇక్కడ లాజిక్ చేసేవాళ్ళు ఎవరూ లేరు, ఫిలాసఫీ వాళ్ళని అడుగు" అన్నారు. ఫిలాసఫీకి వెళితే, "నువ్వు ఫిలాసఫీ ఒక్క కోర్సూ చదవలేదు, మేథ్స్ వాళ్ళని అడుగు" అన్నారు. రెండు బిల్డింగుల మధ్య ఒక పచ్చిక మైదానం. దాటడానికి రెండు నిమిషాలు. నేను ఏడాదిపాటు దాటుతూనే ఉన్నాను. అసిస్టెంట్‌షిప్పు అయిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ నా స్థితి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళని లైబ్రరీలో గంటల లెక్కన చేరాను. ఆ చన్నీళ్ళే చివరికి నా జీవితమైపోయాయి.

చాలాకాలం ఇది నా ఒక్కడి దురదృష్టమనుకున్నాను. తర్వాత నా చేతిలోంచి వెళ్ళిన పుస్తకాల వల్ల ఫ్రేగె కథ తెలిసింది.

గాట్లాబ్ ఫ్రేగె జర్మనీలో జేనా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవాడు. 1879లో చిన్న పుస్తకం రాశాడు. 'ప్రతి', 'కొన్ని' వంటి మాటల్ని గుర్తుల్లో పెట్టి, వాదంలో ప్రతి అడుగునూ పరీక్షించే పద్ధతిని అందులో చూపించాడు. ఇవాళ్టి తర్కమంతా అక్కడ మొదలైందంటే అతిశయోక్తి కాదు. అప్పట్లో మాత్రం పట్టించుకున్నవాళ్ళు చాలా తక్కువ. 1893లో పెద్ద గ్రంథం మొదటి సంపుటం వేశాడు. తన గతి ఏమవుతుందో దాని ముందుమాటలో తనే రాసుకున్నాడు. 'భావన', 'సంబంధం' లాంటి మాటలు చూడగానే గణితజ్ఞులు ఇది వేదాంతం అని పక్కన పెడతారట. సూత్రాలు చూడగానే తత్వవేత్తలు ఇది లెక్కలు అని పక్కన పెడతారట. సరిగ్గా అలాగే జరిగింది. రెండో సంపుటం 1903లో సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ ముందుమాట సారాంశం చదివిన రోజు నాకు ఆ పచ్చిక మైదానం కళ్ళ ముందు కనిపించింది.

ఆ రెండో సంపుటం అచ్చులో ఉండగా 1902లో బెర్‌ట్రండ్ రసెల్ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఫ్రేగె పునాదిలోనే పగులుందని దాని సారాంశం. ఆ పగులును మా కేటలాగర్ల భాషలో చెబుతారు. కొన్ని కేటలాగుల్లో వాటి పేరు కూడా ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. తమ పేరు తమలో లేని కేటలాగులన్నిటికీ కలిపి ఒక పెద్ద కేటలాగు తయారు చెయ్యండి. అందులో దాని పేరు రాయాలా, వద్దా? రాస్తే రాయకూడదు, రాయకపోతే రాయాలి! నేను ముప్ఫై రెండేళ్ళు చేసిన ఉద్యోగంలో ఇంత పెద్ద గొయ్యి ఉందని నాకెవరూ చెప్పలేదు.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. తార్కికుడు గణితజ్ఞుడా, తత్వవేత్తా? ఎలా తేల్చాలి?

జీతం ఏ విభాగం ఇస్తుందో చూద్దామంటారా? అలొంజో చర్చ్ 1967 దాకా ప్రిన్‌స్టన్‌లో గణిత ఆచార్యుడు. తర్వాత లాస్ ఏంజెలిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి తత్వశాస్త్రానికీ గణితానికీ కలిపి ఆచార్యుడయ్యాడు. మనిషీ అతనే, పనీ అదే, మారింది ఊరు.

పోనీ డిగ్రీ చూద్దామా? సాల్ క్రిప్కీ హైస్కూలు వయసులో చేసిన పని 1959లో తర్కం పత్రికలో అచ్చయింది. హార్వర్డ్‌లో అతను తీసుకున్నది గణితంలో బ్యాచిలర్ డిగ్రీ. పేరు మాత్రం తత్వవేత్తగా వచ్చింది. హిలరీ పుట్నమ్ డాక్టరేటు తత్వశాస్త్రంలో. కానీ హిల్బర్ట్ అడిగిన పదో ప్రశ్నను పరిష్కరించిన నలుగురిలో అతనొకడు. మిగిలిన ముగ్గురు మార్టిన్ డేవిస్, జూలియా రాబిన్సన్, 1970లో చివరి మెట్టు ఎక్కిన మతియసేవిచ్. డేవిస్, పుట్నమ్ కలిసి 1960లో ఇచ్చిన పద్ధతికి వారసులే ఇవాళ కంప్యూటర్ చిప్పుల డిజైన్లను పరీక్షిస్తున్న ప్రోగ్రాములు.

పోనీ ఏ పత్రికలో రాశాడో చూద్దామా? మనవాళ్ళలో సగం మందికి అన్నం పెడుతున్న విద్యకు మూలపురుషుడు అలన్ ట్యూరింగ్. కంప్యూటరంటే ఏమిటో, అది చెయ్యలేనిదేమిటో చెప్పిన అతని 1936 నాటి వ్యాసం వచ్చింది గణిత పత్రికలో. యంత్రాలు ఆలోచించగలవా అని అడిగిన 1950 నాటి వ్యాసం వచ్చింది 'మైండ్' అనే తత్వశాస్త్ర పత్రికలో. మొదటిది రాసిన ట్యూరింగ్ క్యూ.ఎ.లోకి, రెండోది రాసిన ట్యూరింగ్ బి.లోకి పోవాలా?

ఇలా ఏ కొలబద్ద పెట్టినా నిలవదు. కానీ తేడా లేదా అంటే, ఉంది. మనుషుల్లో కాదు, ప్రశ్నల్లో ఉంది.

కొన్ని ప్రశ్నలకు సిద్ధాంతం రుజువైతే జవాబు దొరికినట్టే. 1931లో గ్యోడెల్ మొదలుపెట్టిన పని చివరికి ఏం చూపించింది? అంకగణితానికి సరిపడినంత బలం ఉండి, తనలో వైరుధ్యం లేని, సూత్రాలేవో యాంత్రికంగా గుర్తుపట్టగలిగే ఏ పద్ధతి తీసుకున్నా, అందులో రుజువూ చెయ్యలేని, తప్పనీ చూపలేని వాక్యం ఒకటి ఉంటుంది. ఇది గణితం. దీంతో వాదించేవాడు రుజువులో తప్పు చూపించాలి, ఇంకో దారి లేదు.

ఇంకో రకం ప్రశ్న చూడండి. కళ్ళంలో వడ్ల రాశి ఉంది. ఒక గింజ తీస్తే రాశి రాశే. ఇంకో గింజ తీసినా రాశే. గింజ తీస్తే రాశి మారదన్న మాట నిజమైతే, చివరికి ఒక్క గింజ మిగిలినా దాన్ని రాశి అనాలి. ఎక్కడో తప్పు జరిగింది. ఎక్కడ? 'ప్రతి వాక్యం నిజమో అబద్ధమో అయి తీరాలి' అన్న నియమాన్నే వదులుకోవాలా? దీనికోసం నాలుగు రకాల తర్కాలు కట్టవచ్చు. ఒక్కొక్కదాని గురించీ సిద్ధాంతాలు రుజువు చెయ్యవచ్చు. కానీ వాటిలో ఏది సరైనది అన్నదాన్ని సిద్ధాంతం తేల్చదు. అక్కడ వాదించాలి, ఉదాహరణలు తూచాలి, మనం మాటల్ని ఎలా వాడుతున్నామో చూసుకోవాలి. అది తత్వశాస్త్రం.

'ఈ పద్ధతిలో ఏది రుజువవుతుంది' అన్నది గణితం వైపు. 'ఈ పద్ధతినే ఎందుకు ఒప్పుకోవాలి' అన్నది తత్వశాస్త్రం వైపు. మంచి తార్కికుడు పొద్దున్న ఒకటి అడిగి సాయంత్రం రెండోది అడుగుతాడు. డచ్చి గణితజ్ఞుడు బ్రౌవర్‌నే తీసుకోండి. టోపాలజీలో మహానుభావుడు. అనంతమైన వాటి విషయంలో 'అవునో కాదో ఏదో ఒకటి నిజం' అన్న నియమాన్ని ఒప్పుకోనన్నాడు. ఆ సందేహం తాత్వికమైనది. అతని శిష్యుడు హేటింగ్ 1930లో దాన్ని సూత్రాల్లో పెట్టాడు, అది గణితమైంది. ఇవాళ రుజువుల్ని సరిచూసే కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాముల పునాదిలో ఆ తర్కముంది. సందేహం ఒక బిల్డింగులో పుట్టి, రెండో బిల్డింగులో పెరిగి, మూడో దాంట్లో ఉద్యోగం సంపాదించుకుంది.

మూడో బిల్డింగు సంగతి ఈ హాల్లో చాలామందికి తెలుసు. 1994లో పెంటియం చిప్పు భాగహారంలో తప్పు బయటపడి, ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది. లెక్కల యూనిట్ సరిగ్గా పనిచేస్తుందని తర్కంతో రుజువు చేసే పద్ధతుల వైపు చిప్పుల కంపెనీలు గట్టిగా మళ్ళింది ఆ తర్వాతే. ఫ్రేగె సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న విద్యకు అప్పుడు గిరాకీ వచ్చింది.

మా వృత్తిలో ఒక మంచి గుణం ఉంది. మేము అరలో పెట్టేది పుస్తకాన్ని, మనిషిని కాదు. రసెల్ పుస్తకాలు మా లైబ్రరీలో రెండు మూడు అంతస్తుల్లో ఉండేవి. వైట్‌హెడ్‌తో కలిసి 1910 నుంచి 1913 దాకా వేసిన 'ప్రిన్‌కిపియా మేథమెటికా' ఒక చోట, తత్వశాస్త్రం పుస్తకాలు ఇంకో చోట. 1950లో ఆయనకొచ్చిన నోబెల్ బహుమతేమో సాహిత్యానికి! ఏ పాఠకుడూ వచ్చి, రసెల్ ఎవరో ముందు తేల్చండని నన్ను నిలదీయలేదు. ఉద్యోగాలు మాత్రం పుస్తకాలకు ఇవ్వరు, మనుషులకు ఇస్తారు. ఒక మనిషికి ఒక గది, ఒక విభాగం. చిక్కంతా అక్కడే.

2013 థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి ఇంటికొచ్చింది. గణితంలో బి.ఎస్. ఆఖరి సంవత్సరం. పప్పులో నెయ్యి వేసుకుంటూ, "నాన్నా, నేను లాజిక్‌లో పీహెచ్‌డీ చేస్తాను" అంది. మా ఆవిడ, "చేసేదేముందే, ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లో మీ నాన్నా నువ్వూ చేస్తున్నది అదేగా" అంది. అందరం నవ్వాం. నవ్వు ఆగాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఏ డిపార్ట్‌మెంటు?"

ముప్ఫై ఏళ్ళ క్రితం నన్ను అటూ ఇటూ తిప్పిన ప్రశ్న అది. అదే ప్రశ్న నా కూతుర్ని అడిగాను.

అది నింపాదిగా, "డిపార్ట్‌మెంటు తర్వాత చూద్దాం నాన్నా. ముందు నా ప్రశ్న వినవా?" అంది. నాలుగు రంగుల సిద్ధాంతం సంగతి చెప్పింది. ఏ మ్యాపునైనా, పక్కపక్క దేశాలకు ఒకే రంగు రాకుండా, నాలుగు రంగులతో నింపవచ్చని 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో రుజువు చేశారు. 2005లో గాంతియే ఆ సిద్ధాంతానికి పూర్తి రుజువును కంప్యూటర్ చేతే అడుగడుగునా సరిచూయించాడు. "రుజువు ఉంది, కంప్యూటర్ ఒప్పుకుంది. కానీ ఏ మనిషీ దాన్ని మొత్తంగా తన బుర్రలో పట్టుకోలేదు. అప్పుడు అది మనకి తెలిసినట్టా, కానట్టా? నాకు అది కావాలి నాన్నా" అంది.

నాకు మాట రాలేదు. 1984లో నన్ను వెనక్కి పంపినవాళ్ళ మీద చాలా ఏళ్ళు కోపం పెట్టుకున్నాను. వాళ్ళలో ఒక్కరూ నీ ప్రశ్నేమిటని అడగలేదు, నిజమే. కానీ అడిగి ఉంటే నా దగ్గర జవాబుందా? లేదు. నాకు లాజిక్ అనే పేరు మీద ప్రేమ ఉంది. ప్రశ్న లేదు. ఇరవై రెండేళ్ళ పిల్లకి అది ఉంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని జాబితా రాశాం. మీ పిల్లలకు పనికొస్తుందేమోనని చెబుతున్నాను. గణితంలో చేరితే ముందు ఆల్జీబ్రా, ఎనాలిసిస్ అర్హత పరీక్షలు దాటాలి. ఫిలాసఫీకి దరఖాస్తుతో పాటు మంచి వ్యాసం పంపాలి, చేరాక ప్లేటో నుంచి నీతిశాస్త్రం దాకా చదవాలి. రెండిటినీ కలిపిన చోట్లూ ఉన్నాయి. బర్క్‌లీలో టార్‌స్కీ చొరవతో 1950ల చివర్లో ఏర్పడ్డ తర్క బృందం గణితం, తత్వశాస్త్రం రెండిటికీ చెందింది. కార్నెగీ మెలన్‌లో, అర్వైన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా ఈ గోడలు పల్చన. విభాగం పేరు కన్నా, మీ ప్రశ్నను తన ప్రశ్నగా చూసే గురువు ఉన్నాడా, పక్క విభాగంలో ఇంకొకరున్నారా, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారా అన్నవి ముందు చూసుకోవాలి.

మా అమ్మాయి ఫిలాసఫీలో చేరింది. గణితం పరీక్షలు కూడా రాసింది. ఏడేళ్ళు పట్టింది. తర్వాత ఉద్యోగానికి రెండేళ్ళు తిరిగింది. గణితం వాళ్ళు ఫిలాసఫీ వైపు, ఫిలాసఫీ వాళ్ళు గణితం వైపు చూపించారు. "నీ మైదానం ఇంకా అక్కడే ఉంది నాన్నా, గడ్డి బాగా పెరిగింది" అంది ఒకసారి ఫోన్లో. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను వద్దని చెప్పి ఉండాల్సిందా అనుకున్నాను. చివరికి ఒక కంప్యూటర్ సైన్స్ విభాగం తీసుకుంది. అక్కడ ఇప్పుడు పాఠాలు చెబుతోంది. కథ సుఖాంతమే, కానీ దారి సుఖంగా లేదు. ఆ మాట దాచి పిల్లల్ని ఈ దారిన పంపకండి. అలాగని, దారి కష్టమని ప్రశ్ననే వదిలెయ్యమనీ చెప్పకండి.

క్రితంసారి మా అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు తన థీసిస్ కాపీ ఒకటి నా చేతిలో పెట్టి, "కేటలాగర్ గారూ, దీన్ని ఏ అరలో పెడతారు?" అంది. అటూ ఇటూ తిప్పి చూశాను. బి.సి. అనొచ్చు, క్యూ.ఎ. అనొచ్చు, రెండిటికీ న్యాయం ఉంది. చివరికి నంబరు వెయ్యలేదు. మా ఇంట్లో తాతగారి 'తర్కసంగ్రహం' పాత ప్రతి ఒకటుంది, అట్ట ఊడిపోయి, దారంతో కట్టి. దాని పక్కన పెట్టాను.

ఈ హాలు దాటి బయటికి వెళ్ళాక, ఏ పిల్లో పిల్లాడో మీ దగ్గరకొచ్చి మనకు పేరు తెలియని చదువు చదువుతానంటే, "ఏ డిపార్ట్‌మెంటు, ఏం ఉద్యోగం" అని అడగండి. తప్పదు, మనం తల్లిదండ్రులం. కానీ అది రెండో ప్రశ్న. మొదట, "నీ ప్రశ్నేమిటమ్మా?" అని అడగండి.

భోజనాల గంట కొట్టేలోపు ముగిస్తానన్న మాట నిలబెట్టుకున్నానని అనుకుంటున్నాను.